దుంకే టైం ఉండదు: ట్రాక్టర్ బోల్తా గురించి ఒక ప్రసంగం

(నర్సంపేట వైపు ఒక ఊరి రైతు వేదికలో, వానాకాలం నాట్లకు ముందు, ట్రాక్టర్ ఓనర్లు, డ్రైవర్లతో జరిగిన సమావేశంలోని ప్రసంగం ఇది. మాట్లాడింది ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైన ఒక సారు. ఆ రోజు రాలేనివాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్తే. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ట్రాక్టర్ మీదైతే మడ్‌గార్డు మీద కూడా సర్దుకొని కూర్చుంటారు, ఇక్కడ కుర్చీ వేస్తే నిలబడతారేంది? రండి, రండి.

ముందు ఒకటి అడుగుతా, చేతులెత్తండి. మీలో ఎంతమంది బండికి ఎండ, వాన తగలకుండా పైన టాపు పెట్టించారు? ఎత్తండి, సిగ్గేముంది. ఆ... దాదాపు అందరూ. దాని మీద దేవుడి పేరు, పిల్లల పేర్లు రాయించారు. సౌండ్ బాక్సులు పెట్టించారు. నేను వస్తూ బయట ఒక బండి చూశాను, టాపు చుట్టూ ఆరు లైట్లున్నాయి. పెళ్ళి ఊరేగింపు బండి అనుకున్నా. సరే, మంచిదే. ఇప్పుడు రెండో ప్రశ్న. ఎంతమంది బండికి రోల్ బార్ ఉంది? ఒకటి. ఇంకా? రెండు. అన్నా, మీది రోల్ బారా, టాపా? టాపే. అయితే ఒకటే.

ఇంతమందిలో ఒక్క బండికి ఉంది. టాపుకు, రోల్ బార్‌కు తేడా ఏందో చెప్పడానికే నన్ను పిలిచారు. వాళ్ళు గంట ఇచ్చారు, నేను అంత తీసుకోను. నాట్లు మొదలైతే మీరెవరూ నాకు దొరకరు కాబట్టి ఇప్పుడే చెప్పుకోవాలి.

కంపెనీ కాగితాల్లో ఈ రోల్ బార్‌ను రోప్స్ అంటారు. నేను ఐటీఐలో ఈ మాట చెప్పినప్పుడు ఒక పిల్లవాడు రోప్ అంటే తాడు కదా సార్, బండిని తాడుతో కడతారా అన్నాడు. తాడు కాదు. బండి బోల్తా పడ్డప్పుడు డ్రైవర్‌ను కాపాడే ఇనుప కట్టడం. డ్రైవర్ సీటు వెనకాల రెండు కాళ్ళు పైకి లేచి, తల మీదుగా కలుస్తాయి. కరీంనగర్‌లో కమాన్ చూశారు కదా, అట్లా. నేను దీన్ని కమాను అనే అంటాను. కొన్ని బండ్లకు నాలుగు కాళ్ళుంటాయి, కొన్నింటికి పూర్తిగా అద్దాల క్యాబిన్ ఉంటుంది, ఆ క్యాబిన్ లోపల కూడా ఈ ఇనుమే ఉంటుంది. మన దగ్గర ఎక్కువ కనబడేది రెండు కాళ్ళదే.

కమాను సంగతి తర్వాత. అసలు బండి ఎట్లా పడుతుందో ముందు చూద్దాం. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా నేను ఎవరితో మాట్లాడినా ఒకటే జవాబు. "పడేటట్టుంటే దుంకుతం సారూ." ఇక్కడ కూడా అనుకుంటున్నారు, నాకు తెలుసు. కాకా, మీరు నవ్వుతున్నారంటే అనుకున్నట్టే.

దుంకడానికి ఎంత టైం ఉంటుంది? ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి, వెనక్కి పూర్తిగా తిరగబడడానికి సుమారు ఒకటిన్నర సెకండు పడుతుంది. ఒకటిన్నర. అందులో సగం, అంటే ముప్పావు సెకండు దాటిందా, ఇక మీరు క్లచ్ తొక్కినా, బ్రేక్ తొక్కినా బండి ఆగదు, దాని బరువే దాన్ని వెనక్కి తీసుకుపోతుంది. మనిషికి ప్రమాదం అని తెలిసి కాలు కదిలేసరికే ఆ ముప్పావు సెకండు అయిపోతుంది. మీరు "అరె" అనుకునేలోపు అయిపోయిందన్నమాట. ఎక్కడ దుంకుతారు?

పక్కకు పడేటప్పుడు కూడా అంతే. మనిషి ఎటు దుంకుతాడు? బండి ఎటు ఒరుగుతుందో అటే జారుతాడు. అంటే బండి వచ్చి పడే చోటికే మనం ముందుగా పోయి పడుకుంటాం. 45 హార్స్‌పవర్ బండి సుమారు రెండు టన్నుల బరువు. మడ్‌గార్డు అంచు మీద పడ్డా చాలు.

ఇదిగో, దీన్ని చూడండి. ఇది మేడారం జాతరలో మా మనుమనికి కొన్న బొమ్మ ట్రాక్టర్. వాడికి తెలియకుండా తెచ్చాను, సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి. మా చిన్నప్పుడు మేడారం పోవాలంటే ఎడ్లబండ్లు కట్టేవాళ్ళు, బండి బోల్తా పడితే బెల్లం బుట్టలు పడేవి, నలుగురు కలిసి లేపేవాళ్ళు. ట్రాక్టర్‌ను నలుగురు లేపలేరు.

ట్రాక్టర్ బరువు మొత్తం ఎక్కడో ఒక చోట కేంద్రం అవుతుంది కదా. మామూలు బండికి అది వెనక ఇరుసుకు సుమారు రెండు అడుగుల ముందు, ఇరుసు కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. అంటే సీటు దగ్గరగానే. బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే. ముందు చక్రాల మీద ఉన్నది తక్కువ, అది మనల్ని నేలకు పట్టుకొని ఉంచుతున్న బరువు. ఇప్పుడు ఈ దారాన్ని బొమ్మ వెనక కింద, డ్రాబార్ దగ్గర, అంటే ట్రాలీ తగిలించే ఇనుప పట్టీ దగ్గర కట్టాను. లాగుతున్నా. చూడండి, బొమ్మ వెనక్కి జరుగుతోంది, ముందు లేవడం లేదు. ఇప్పుడు అదే దారాన్ని పైన, సీటు కింద కడుతున్నా. లాగుతున్నా. చూశారా? లేచింది. బలం మార్చలేదు, కట్టిన చోటే మారింది.

దీనికి ఒకటే నియమం. లాగే బరువు ఏదైనా వెనక ఇరుసు కంటే కిందనే, డ్రాబార్‌కే కట్టాలి. నాగలి పైభాగాన్ని బండికి కలిపే టాప్ లింక్ బిగించే చోట గొలుసు వేయడం, సీటు కింద ఇనుముకు తాడు కట్టడం, ఇరుసు మీదుగా చుట్టడం... ఇవన్నీ నేను కళ్ళారా చూసినవే. చెట్టు మొద్దు పీకేటప్పుడు ఎక్కువగా చేస్తారు. పైకి కడితే మొద్దు తొందరగా లేస్తుందని. మొద్దు లేవదు, బండి లేస్తుంది.

చెరువు పూడిక మట్టి గుర్తుందా? 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ప్రతి ఊళ్ళో ట్రాక్టర్లు చెరువులోకి దిగాయి. నిండు ట్రాలీతో చెరువులోంచి గట్టు ఎక్కాలి. అప్పుడు ముందు చక్రాలు తేలికై లేచి లేచి పడుతుంటే మనవాళ్ళు ఏం చేశారు? ఇద్దరిని బంపర్ మీద కూర్చోబెట్టారు. బరువు కోసం! అన్నా, మనిషిని బరువు రాయిలాగా పెట్టుకుంటామా? కంపెనీ ఇచ్చే ఇనుప బరువులు ముందు తగిలించుకోవచ్చు, ట్రాలీలో మట్టి సగమే వేసుకోవచ్చు. ఇంకా ఎక్కలేదంటే ఆ దారి ట్రాక్టర్ దారి కాదు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు చెప్పడం ఇష్టం ఉండదు. కానీ చెప్పకుండా ఈ మీటింగు నుంచి పోలేను.

మాది పరకాల వైపు ఊరు. 1994 వానాకాలం. మా మేనమామ కొడుకు, నాకు బావ వరస. పేరెందుకులెండి. పదిహేనేళ్ళ డ్రైవింగ్. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఒడ్డు కూలకుండా కరిగెట దున్నాలంటే ఆయననే పిలిచేవాళ్ళు. ఆ రోజు మడి మూలన ఊబి ఉంది, వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. పొద్దు గూట్లో పడుతోంది. తెల్లారితే నాట్లకు కూలీలు వస్తారు. ఏం చేస్తాం? అందరూ చేసేదే చేశాం. తుమ్మ దుంగ ఒకటి తెచ్చి, రెండు వెనక చక్రాలకు ముందర అడ్డంగా పెట్టి గొలుసుతో చక్రాలకు కట్టాం. చక్రం తిరిగితే దుంగ కిందికి పోతుంది, బండి దాని మీదికి ఎక్కుతుంది. మీకు తెలిసిన పనే.

గొలుసు బిగించింది నేను. అప్పటికి ఐటీఐలో చేరి నాలుగేళ్ళు. ఇంజన్ విప్పి మళ్ళీ బిగించడం వచ్చు, నలుగురికి నేర్పుతున్నా కూడా. బావ మొదటి గేరు వేసి క్లచ్ వదిలాడు. దుంగ బురదలో ఇరుక్కుంది. చక్రం ఆగిపోయింది. ఇంజన్ మాత్రం తిప్పుతూనే ఉంది కదా, మరి ఆ బలం ఎటు పోవాలి? చక్రం ఇరుసు చుట్టూ తిరగలేకపోతే, బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు లేచాయి. నేను పది అడుగుల దూరంలో ఉన్నా. "క్లచ్" అని అరిచాను. ఆ మాట నా నోట్లో పూర్తి కాలేదు.

బురద మెత్తగా ఉంటుంది, ఏం కాదు అనుకుంటారు. బురద మెత్తగా ఉన్నందుకే ఊపిరాడదు. తలకిందులైన బండి ఇంజన్ ఇంకా కొట్టుకుంటూనే ఉంది. బంద్ చేసే నాబ్ కిందికి పోయింది, ఎవరికీ చెయ్యి అందలేదు. కాసేపటికి అదే ఆగింది. ఊళ్ళోంచి ఇంకో ట్రాక్టర్ వచ్చి లేపేసరికి ముప్పావు గంట పట్టింది.

తర్వాత చాలామంది అన్నారు, తాగి ఉన్నాడేమో అని. తాగలేదు. డ్రైవింగ్ రాక కాదు. మంచి డ్రైవరే. మంచి డ్రైవర్ కాబట్టే ఆ మూలకు పోయాడు, రానివాడు పోయేవాడు కాదు. నేను ఇరవై ఏళ్ళుగా ప్రతి బ్యాచ్‌కు మొదటి పాఠం ఇదే చెప్పాను. దిగబడ్డ బండి చక్రానికి దుంగ కట్టొద్దు. చక్రాల వెనక మట్టి పారతో తీసి, రివర్స్ గేరులో వచ్చిన దారినే వెనక్కి తీయండి. రాకపోతే ఇంజన్ బంద్ చేసి ఇంకో బండిని పిలవండి. ఆ బండికి కూడా తాడు కిందనే కట్టండి. రాత్రి ఆలస్యమైతే కానివ్వండి. కూలీలు ఒక పూట కూర్చుంటే పోయేదేం లేదు.

పక్కకు పడేది ఇంకా ఎక్కువ జరుగుతుంది, కానీ దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. కాకతీయ కాలువ కట్ట మీద పోయేవాళ్ళు ఇక్కడ సగం మంది ఉన్నారు. కట్ట అంచు పైకి గట్టిగా కనబడుతుంది, లోపల తడిసి ఉంటుంది. కాలువ ఎంత లోతు ఉంటే అంచు నుంచి కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. ఆరడుగుల లోతైతే ఆరడుగుల దూరం. అంత జాగా లేకపోతే ఆ కట్ట మీద ట్రాక్టర్ పనికిరాదు.

మలుపులో స్పీడు రెండింతలు చేస్తే బండిని బయటికి తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. మన బండి ఎత్తు, వెనక ట్రాలీ, దాని మీద పత్తి బోరాలు ఇంకా ఎత్తు. ఎనుమాముల మార్కెట్‌కు తెల్లవారుజామున తొందర తొందరగా పోతారు కదా, లైన్‌లో ముందుండాలని. అప్పుడు గుర్తు చేసుకోండి.

ఇంకోటి, బ్రేకులు. ట్రాక్టర్‌కు బ్రేక్ పెడళ్ళు రెండు, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. పొలంలో మలపడానికి ఒక్కటే తొక్కుతాం. రోడ్డు మీదికి వచ్చాక రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. ఎంతమంది వేస్తారు? ఎవరూ చెయ్యెత్తరేం? రోడ్డు మీద స్పీడులో ఒక్క పెడలే తొక్కితే ఒక పక్క చక్రమే ఆగుతుంది, బండి గిర్రున తిరిగి పక్కకు పడుతుంది. ఆ కొక్కెం వేయడానికి రూపాయి ఖర్చు లేదు.

పంచాయతీ ట్రాక్టర్ డ్రైవర్లు ఇక్కడ ఉన్నారా? మూడు నాలుగు చేతులు కనబడుతున్నాయి. మీకు ట్యాంకర్ ఉంటుంది. ఈ గ్లాసు చూడండి. నిండా నీళ్ళున్నాయి, పక్కకు ఊపుతున్నా, ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. ఇప్పుడు సగం తాగేసి ఊపుతున్నా. ఎట్లా కొట్టుకుంటోందో చూడండి, మలిపిన వైపుకు ఎదురుగా ఒక్కసారిగా పోయి కొడుతోంది. సగం ట్యాంకర్ నిండు ట్యాంకర్ కంటే ప్రమాదం. మొక్కలకు నీళ్ళు పోసి సగం ఖాళీ అయ్యాక ఇప్పుడు తేలికే కదా అని స్పీడు పెంచుతారు. అప్పుడే పెంచొద్దు.

కమాను ఎట్లా పని చేస్తుంది

ఇంత చెప్పాక కూడా ఒక మాట నిజం. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు ఎవరిదో ఒక బండి పడుతుంది. అప్పుడు డ్రైవర్ బతకడానికే కమాను.

ఇది వంగకుండా బిగుసుకొని నిలబడే వస్తువు కాదు. చాలామంది అనుకునేది, ఇనుము ఎంత మందంగా, ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని. కాదు. వరంగల్ కోటలో కీర్తి తోరణాలు ఉన్నాయి. రాయి. వందల ఏళ్ళ నుంచి నిలబడ్డాయి. కానీ రాయి వంగదు, దెబ్బ తగిలితే పగులుతుంది. ట్రాక్టర్ కమాను వంగాలి. వంగుతూ వంగుతూ ఆ పడే బలాన్ని మింగాలి, కానీ విరగకూడదు, డ్రైవర్ కూర్చునే జాగాలోకి చొరబడకూడదు. అందుకే దాని ఇనుము వేరు, వెల్డింగ్ వేరు, బోల్టులు వేరు. వెనక ఇరుసు హౌసింగ్‌కు పట్టే బోల్టుల తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. ఏ బోల్టు పడితే ఆ బోల్టు వేస్తే, పైన ఎంత మంచి కమాను ఉన్నా లాభం లేదు.

పరీక్ష ఎట్లా చేస్తారో చెప్తే మీకు నమ్మకం కలుగుతుంది. మొదట్లో స్వీడన్‌లో రెండు టన్నుల బరువును లోలకంలాగా ఊపి ట్రాక్టర్ మీద కొట్టేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా నెమ్మదిగా నొక్కి చూస్తారు. వెనక నుంచి నొక్కుతారు, పక్క నుంచి నొక్కుతారు, పైనుంచి నొక్కుతారు. పైనుంచి ఎంత? బండి బరువుకు రెండింతలు. రెండు టన్నుల బండైతే నాలుగు టన్నుల బరువు దాని మీద పెట్టినట్టు. పక్క నుంచి అదే బండికి 3500 జౌళ్ళ శక్తిని అది మింగాలి. జౌళ్ళు అంటే ఏందంటారా? 50 కిలోల బస్తాను ఏడు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీద నుంచి వదిలితే ఎంత దెబ్బో అంత. ఇవన్నీ అయ్యాక డ్రైవర్ జాగా అట్లాగే మిగిలి ఉండాలి. ఇది ఓఈసీడీ అనే దేశాల కూటమి పెట్టిన నియమం, ట్రాక్టర్ల పరీక్షల నియమాల్లో మన దేశం కూడా భాగస్వామే. మన దగ్గర ట్రాక్టర్ పరీక్షలకు మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర సంస్థ ఉంది, 1955 నుంచి. కొత్త బండి కొనేటప్పుడు డీలర్‌ను లోన్ వడ్డీ అడిగినట్టే టెస్ట్ రిపోర్టు కూడా అడగండి. ఇవ్వడానికి మొహమాటపడితే ఇంకోసారి అడగండి.

ఇప్పుడు మీ టాపు. మీ టాపు పైపును రెండు చేతులతో పట్టి ఊపితే ఊగుతుంది. ఊగుతుందా లేదా? ఎండకు, వానకు అది మంచిదే. బండి పడ్డప్పుడు అది అగ్గిపెట్టెలాగా నలుగుతుంది. నలిగిన ఫైబర్ ముక్కలు, పైపులు మీ మీదే పడతాయి. వెల్డింగ్ షాపులో చేయించుకుంటాం సార్, మందం పైపు వేయిస్తాం అంటారు. ఆ పైపు ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఆ వెల్డర్ తమ్ముడికి తెలుసా? వాడు గేటు చేస్తాడు, గేటు మీద ట్రాక్టర్ పడదు. కంపెనీ కమానుకు కూడా మీరు రంధ్రం వేసి సౌండ్ బాక్సు బిగిస్తే అక్కడే బలహీనం అవుతుంది. ఒకసారి బోల్తా పడి వంగిన కమానును కొట్టి సాపు చేసి మళ్ళీ వాడొద్దు. అది తన పని చేసేసింది, మార్చేయాల్సిందే.

స్వీడన్ మాట ఎత్తాను కాబట్టి అది చెప్పి ముందుకు పోతా. 1959లో, మన వరంగల్ ఆర్‌ఈసీకి, అంటే ఇప్పటి ఎన్‌ఐటీ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ పునాదిరాయి వేసిన సంవత్సరమే, స్వీడన్ కొత్త ట్రాక్టర్లకు కమాను తప్పనిసరి చేసింది. దానికి ముందు, 1957లో, అక్కడ లక్ష ట్రాక్టర్లకు ఏడాదికి 17 మంది బోల్తాలో చనిపోయేవాళ్ళు. 1990 నాటికి అది 0.3. అంటే లక్ష బండ్లకు ఒక్కరు కూడా కాదు. అక్కడి రైతులు ఒక్కసారిగా మంచి డ్రైవర్లయ్యారా? బండ్లు పడడం ఆగిందా? పడుతూనే ఉన్నాయి. మనుషులు చావడం ఆగింది. అమెరికాలో 1976లో కూలీలు నడిపే బండ్లకు నియమం వచ్చింది, 1985 నుంచి అక్కడి కంపెనీలు కొత్త బండ్లన్నిటికీ వాళ్ళే పెట్టడం మొదలుపెట్టాయి. పాత బండ్ల సమస్య వాళ్ళకు కూడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2006 నుంచి పాత బండికి కమాను పెట్టించుకుంటే ఖర్చులో ఎక్కువ భాగం తిరిగి ఇస్తున్నారు. మన దేశంలో తయారై అమెరికాకు పోయే ట్రాక్టర్లు కమానుతోనే ఓడ ఎక్కుతాయి. అదే తయారీ, అదే ఇనుము. మన ఊరికి వచ్చేసరికి కమాను ఊడుతుంది. ఎందుకు? మనం అడగం కాబట్టి. రాష్ట్ర ప్రభుత్వ యంత్రలక్ష్మి పథకం కింద సబ్సిడీ ట్రాక్టర్లు ఇచ్చిన రోజుల్లో కూడా ఎవరైనా అడిగారా? హార్స్‌పవర్ అడిగాం, మైలేజీ అడిగాం, లిఫ్ట్ ఎంత లేపుతుందో అడిగాం.

దూరం ఎందుకు, భూపాలపల్లి సింగరేణి ఓపెన్ కాస్ట్‌లో పని చేసేవాళ్ళు మీ చుట్టాల్లో ఉంటారు. వాళ్ళను అడగండి. అక్కడ డోజర్లకు, డంపర్లకు ఈ కట్టడం ఉంటుంది, పైనుంచి బండ పడినా తట్టుకునేది కూడా ఉంటుంది. అక్కడ లేకుండా నడపమంటే యూనియన్ వాళ్ళు ఊరుకుంటారా? పొలంలో మనకు యూనియన్ లేదు, మనకు మనమే ఓనర్, మనమే వర్కర్.

బెల్టు మాట

కమాను ఉన్న ఆ ఒక్క తమ్ముడూ, నీతోనే. బెల్టు పెట్టుకుంటావా? పెట్టుకోవు. పొలంలో పది సార్లు దిగి ఎక్కాలి, ఎవరు పెట్టుకుంటారు, అదే కదా? కమాను మీ చుట్టూ ఒక జాగా కాపాడుతుంది. ఆ జాగాలో మీరు ఉంటేనే. బెల్టు లేకపోతే బండి పడ్డప్పుడు మీరు విసిరేసినట్టు బయట పడతారు, తర్వాత అదే కమాను మీ మీద పడుతుంది. అమెరికాలో రైతుల భద్రత గురించి చెప్పేవాళ్ళు ఎప్పుడూ చెప్పే లెక్క, కమాను ఒక్కటే అయితే 70 శాతం వరకు కాపాడుతుంది, బెల్టుతో కలిపితే 99 శాతం.

దీనికి తిరగేసిన మాట ఇంకా ముఖ్యం, ఎవరూ మర్చిపోవద్దు. కమాను లేని బండిలో బెల్టు పెట్టుకోవద్దు. ఉన్న ఒక్క అవకాశం కూడా పోతుంది. బెల్టు మంచిదని ఎక్కడో విని, టాపు బండికి కారు బెల్టు బిగించినవాళ్ళను చూశాను. రెండూ జంట. ఉంటే రెండూ ఉండాలి, లేకపోతే రెండూ వద్దు.

మామిడి తోటల వాళ్ళు ఉన్నారా? కొమ్మలు తగులుతాయని మడిచే కమాన్లు వస్తున్నాయి. తోటలో మడవండి, పర్వాలేదు, అప్పుడు బెల్టు తీసేయండి. తోట దాటి రోడ్డెక్కగానే పైకి లేపి పిన్ను వేసి బెల్టు పెట్టుకోండి. మడిచి పెట్టి మర్చిపోయిన కమాను ఇంటి దగ్గర పెట్టి వచ్చిన గొడుగు లాంటిది. తుప్పు కూడా చూసుకోండి, ముఖ్యంగా కాళ్ళు ఇరుసుకు కలిసే చోట, ఎరువు, బురద అక్కడే పేరుకుంటాయి.

అక్కలు వెనక కూర్చున్నారు, ఇందాకటి నుంచి వింటున్నారు. మీకు ఒక చేదు మాట చెప్పాలి. ఈ కమాను ఎవరిని కాపాడుతుంది? సీట్లో బెల్టు పెట్టుకున్న ఒక్క మనిషిని. మడ్‌గార్డు మీద కూర్చున్న పిల్లవాడిని కాపాడదు. ట్రాలీలో మిరప ఏరడానికి పోయే ఇరవై మందిని కాపాడదు. 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడింది. పదిహేను మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్ళు. ట్రాలీకి పెట్టే కమాను లేదు, ఎవరూ కనిపెట్టరు కూడా, ఎందుకంటే ట్రాలీ మనుషులది కాదు. కూలీకి పిలిచే ఆసామిని ఆటోకు డబ్బులు అడగండి. ఇస్తారు. నాట్ల టైంలో మీరు అడిగితే ఎందుకివ్వరు?

అడిగిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న, పాత బండికి దొరుకుతుందా అని. మోడల్ నంబరు, తయారీ ఏడు రాసుకొని డీలర్‌ను అడగండి. మీ మోడల్‌కు చేసిందే తీసుకోవాలి, పక్కింటాయన బండిది పెద్దగా ఉందని అది తెచ్చి బిగించొద్దు. చాలా పాత మోడళ్ళకు దొరకదు. అట్లాంటి బండి ఉంటే దాన్ని చదును నేల మీద పనులకే వాడండి. కట్టలు, పూడిక మట్టి, ఊబి మడులు వద్దు. ఎప్పుడో ఒకప్పుడు బండి మారుస్తారు కదా, అప్పుడు అడగండి.

ఇంకో ప్రశ్న, కేజీ వీల్స్, అంటే బురదలో దున్నడానికి వేసే ఇనుప పట్టీల చక్రాలు, వేస్తే దిగబడదు కదా, ఇంకేం భయం అని. తక్కువ దిగబడుతుంది, నిజమే. కానీ కేజీ వీల్స్‌తో ఒడ్డు ఎక్కేటప్పుడు ఆ పట్టీలు మట్టిని గట్టిగా పట్టేస్తాయి, చక్రం జారదు. చక్రం జారకపోతే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. బొమ్మ మళ్ళీ చూపించమంటారా? ఒడ్డును ఎదురుగా ఎక్కొద్దు. పారతో ఒడ్డు కాస్త తెగ్గొట్టి దారి చేసుకోండి, లేదంటే రివర్స్‌లో ఎక్కండి, తర్వాత ఒడ్డు కట్టుకోవచ్చు.

ఖర్చు ఎంత అని ముందు వరసలో కాక అడుగుతున్నారు. మోడల్‌ను బట్టి ఉంటుంది, నేను ఇక్కడ ఒక అంకె చెప్తే రేపు డీలర్ దగ్గర మీరు నన్ను తిడతారు. నేను మిమ్మల్ని ఒకటి అడుగుతా కాకా. ఆ ఆరు లైట్ల టాపు మీదేనా? దానికి ఎంతైంది? అబ్బో! సౌండ్ బాక్సులతో కలిపా, కలపకుండానా? సరే, ఇంటికి పోయి లెక్క మీరే వేసుకోండి.

చాయ్ వచ్చిందంటున్నారు. తాగేముందు అందరం ఒకసారి బయటికి పోదాం. ఐదు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. కమాను ఉన్న తమ్ముడి బండి బోల్టులు మొదట చూద్దాం, రెంచి తెచ్చాను. ఆ తర్వాత ఆ నీలం బండి. ఎవరిదో గానీ, రోడ్డు మీది నుంచి వచ్చి ఆపారు, బ్రేకుల కొక్కెం వేయలేదు, నేను లోపలికి వచ్చేటప్పుడే చూశాను. ఎవరిది? మీదా? రండి, ముందు మీ దగ్గరికే పోదాం.